వేసవి చెరువులో కొరమీను వేట

చెరువు నిండితే కప్పలు చేరుతాయన్న మాట మనమందరం చిన్ననాటినుండి విన్నదే. చెరువు ఎండుతున్నప్పుడు ఎవరు చేరుతారన్నది అంతగా ఆలోచించము. మొదట కొంగ చేరుతుంది. దాని వెనుకనే గాలపు కర్ర భుజాన వేసుకొని మనిషి చేరుతాడు. వైశాఖం వచ్చేసరికి మన పల్లెటూళ్ల చెరువులు చాలావరకు ఇంకిపోయి, తూము దగ్గర ఒక మడుగూ, మట్టి తవ్విన చోట రెండు మూడు గుంతలూ మాత్రం మిగులుతాయి. వర్షాకాలమంతా విశాలంగా తిరిగిన చేప ఆ కాస్త నీటిలో సర్దుకొని ఉంటుంది. చూచేవారికి ఇది తేలిక వేటగా తోస్తుంది. నీరు తక్కువ, చేప ఎక్కువ, ఇంకేమి కావలెను అనుకొంటారు. తీరా కూర్చుంటే మధ్యాహ్నం దాకా బెండు కదలదు. కళ్లెదుట నీరు సుడులు తిరుగుతూనే ఉంటుంది, ఎరను మాత్రం ఏ చేపా ముట్టదు. ఈ విడ్డూరానికి కారణం తెలియవలెనంటే గాలం కంటె ముందు నీటిని గురించి కొంత తెలుసుకొనవలెను.

గాలపు వేట మన దేశానికి కొత్త విద్య కాదు. 12వ శతాబ్దం తొలిభాగాన కల్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రచించినాడు. రాజు ఎరుగదగిన విషయాలన్నింటినీ ఏకరువు పెట్టిన ఆ గ్రంథంలో 'మత్స్యవినోదం' అనే భాగం కలదు. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దానికి ఏ తిండి వేసి మచ్చిక చేయవలెను, గాలం ఎట్లా వేయవలెను అన్న సంగతులు అందులో ఉన్నవి. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఆ భాగాన్ని పరిశీలించి ఆధునిక పాఠకులకు పరిచయం చేసినాడు. దండయాత్రల నడుమ తీరిక చేసుకొని ఒక మహారాజు ఎరలను గురించి వ్రాసినాడంటే, గట్టుమీద కూర్చున్నవానిని సోమరి అనే పెద్దలు ఒకసారి ఆలోచించవలసి ఉంటుంది. తరువాత చాలాకాలానికి మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే ఆంగ్లేయుడు 1873లో ఈ దేశపు గాలపు వేటమీద ఒక గ్రంథం, 1887లో కేవలం చెరువులలోని గాలపు వేటమీద మరొకటి ప్రకటించినాడు. మన చెరువును ఒక ప్రత్యేకమైన వేటభూమిగా గుర్తించి గ్రంథం వ్రాసిన ఘనత ఆయనది.

చెరువులో చేపలు చాలా రకాలు. బొచ్చె, శీలవతి, వాలుగ, జెల్ల, మార్పు, పరిగె, వేటి తీరు వాటిదే. వేసవి మడుగులో గాలం వేసేవాడు కోరేది మాత్రం కొరమీను. కొరమేను, కొర్రమీను అని పలు రీతుల పలుకుతారు. పాము తలవంటి తల, గుండ్రని పొడుగాటి ఒడలు, నోటినిండా పదునైన పళ్లు. నేడు ఇది తెలంగాణకు రాష్ట్ర చేప. ముళ్లు తక్కువ, కండ గట్టి. అంగడిలో నీళ్లతొట్టిలో ప్రాణంతో ఉంచి అమ్ముతారు. గిన్నెడు నీటిలో గంటలకొద్దీ బ్రతికే ఈ శక్తి దానికి ఎక్కడిది?

కొరమీను నీటిలో ఉంటుందిగాని నీటిని నమ్ముకొని ఉండదు. మొప్పలకు పైన, తలలోపల, దానికి రెండు గదులున్నవి. వాటి గోడలలో రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. చేప పైకి వచ్చి నోటితో గాలి పుచ్చుకొని ఆ గదులలో నింపుకొంటుంది. ఇది దానికి అదనపు సౌకర్యం అనుకొనరాదు. ఎదిగిన కొరమీనును పైకి రానీయక నీటిలోనే అణచి ఉంచితే, నీరు ఎంత మంచిదైనా, ఊపిరాడక చనిపోతుంది. చేప నీటిలో మునిగి చచ్చినదంటే నవ్వువచ్చే మాటే. కాని ఈ చేప విషయంలో అది అక్షరాలా నిజం. చెరువు పూర్తిగా ఇంకిపోయినప్పుడు తడి బురదలో దూరి, ఒంటి తేమ ఆరిపోనంతకాలం వానకై కనిపెట్టుకొని ఉండగలుగుతున్నది కూడ ఈ గదుల బలంచేతనే.

ఇక నీటి సంగతి. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే. ఇదిగాక పగలంతా ఎండలో ప్రాణవాయువును విడిచిన నాచు, నీటిమొక్కలు, రాత్రివేళ తామే దానిని పీల్చుకొంటాయి. కుళ్లుతున్న ఆకు, అడుగు బురద కూడ తమ వంతు లాగుకొంటాయి. అందుచేత చిన్న మడుగులో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉండే వేళ తెల్లవారుజాము. అప్పుడు బొచ్చె, శీలవతి వంటివి పైకి తేలి నోళ్లు తెరచి మూస్తుంటాయి. చూచినవాడు ఆకలి అనుకొని గాలం వేస్తాడు. అది ఆకలి కాదు, ఆయాసం. ఆయాసపడేవానికి పంచభక్ష్యాలు పెట్టినా తినలేడు గదా! ఆ చేపలకు ఎండ కాస్త ఎక్కి, నాచు మళ్లీ పని ప్రారంభించినాక ఎర వేయవలెను.

కొరమీనుకు ఈ ఇబ్బంది లేదు. తోటి చేపలు సొమ్మసిల్లి ఉన్న వేళనే అది చురుకుగా ఒడ్డువెంట తిరిగి, పరిగెలను, కప్పలను పట్టుకొంటుంది. కనుక దాని వేటకు తొలి వేళ తూర్పు తెలుపెక్కినది మొదలు ఎండ వేడెక్కే దాకా. మలి వేళ పొద్దు వాలినది మొదలు చీకటి పడే దాకా. నడుమ అది తామరాకుల నీడనో, తుంగ దుబ్బుల మొదళ్లలోనో కదలక పడి ఉంటుంది. అయినా ఊపిరికి మాత్రం పైకి రాక తప్పదు. నీటి పైన ఒక చిన్న సుడి, దాని వెంట ఒకటి రెండు బుడగలు కనిపిస్తాయి. గాలం వేసేవానికి అదే ఆనవాలు.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ శ్వాసను చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక గడియారం, ఒక పుస్తకం తీసుకొని, గట్టుమీద చెట్టునీడన నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక చోట సుడి లేచిన సమయాలను వ్రాయించవలెను. ఉదయం ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట చాలు. నీరు వేడెక్కినకొద్దీ, అందులో ప్రాణవాయువు తగ్గినకొద్దీ కొరమీను పైకి వచ్చుట ఎక్కువవుతుంది. ఆ తేడా పిల్లలు తమ చేతివ్రాతలో తామే చూచుకొంటారు. పిల్లలను గుంత అంచుకు మాత్రం పోనీయరాదు. మట్టి తవ్విన గుంతల అంచు నిలువుగా దిగి ఉంటుంది. అడుగున బురద కాలు వదలదు. ఈత వచ్చిన పెద్దవాడు ఒకడైనా దగ్గర ఉండక పిల్లలు చెరువుకు పోరాదు.

సరంజామా సంగతి ఎక్కువ చెప్పుకొనవలసినది లేదు. అంగడిలో నేడు గాజునారతోను, కార్బన్‌తోను చేసిన కర్రలు, తళతళలాడే రీలులు దొరుకుతున్నవి. పెద్ద చెరువున దూరంగా విసరుటకు అవి మంచివే. ఊరి గుంతకు పది పన్నెండడుగుల వెదురు గడ చాలును. కణుపులు దగ్గరగా ఉన్న ముదురు వెదురును కోసి, నీడన ఆరబెట్టి, కొనను చేతితో వంచి చూచుకొనవలెను. వంగి తిరిగి నిటారుగా నిలిచినది పనికివస్తుంది. దారం మాత్రం బలమైనది కావలెను. పూర్వం జనుపనార పురి, పట్టు పురి వాడేవారు; 1938లో నైలాన్ లోకానికి పరిచయమైన తరువాత ఆ పురులు క్రమంగా మూలపడినవి. కొరమీను పట్టుపడగానే దుబ్బులలోకి దూరుతుంది, దారాన్ని కాడలకు చుట్టివేస్తుంది. పళ్లకు సన్నని దారం తెగిపోతుంది. కనుక ఈ వేటలో సన్నదనానికి మురిసిపోరాదు. గాలం ఒక్క ముల్లుది, బొటనవేలి గోరు వెడల్పు వంపుగలది చాలు. ముల్లు మొన లోపలివైపు ఉండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కి అణచివేస్తే, చిన్న చేప పడినప్పుడు నోరు చీలకుండ విడిపించి నీటిలో వదలవచ్చును.

జెల్లకు, పరిగెకు వానపాము మంచి ఎర. దానికి జీలుగ బెండో, నెమలి ఈక కాడో తేలుడుగా కట్టి, చిన్న సీసపు గుండు వేసి, ఎర అడుగుకు జానెడు పైన వ్రేలాడేటట్లు సవరించుకొంటే సరిపోతుంది. కొరమీనుకు బెండు అక్కరలేదు. దాని చూపు పైకి. దానికి కావలసినది కప్ప.

బ్రతికిన కప్పను గాలానికి గుచ్చి నీటిలో ఆడించుట మనవారి పాత పద్ధతి. చేప పడుతుందన్నది నిజమే. కాని ఆ జీవి కాళ్లు కొట్టుకొనుట చూస్తూ వినోదం అనుకొనుట నాకు రుచించదు. విద్యార్థులచేత చేయించదగిన పని అసలే కాదు. కప్ప పొలంలో పురుగులను తినే రైతు బంధువు. కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం 1987లో నిషేధించినదంటే, వాటి విలువ ఆలస్యంగానైనా గుర్తించినదన్నమాట. నేడు రబ్బరు కప్ప దొరుకుతున్నది. దానిని చేసినవాని తెలివిని మెచ్చుకొనవలెను. లోపల డొల్ల, రెండు గాలపు మొనలు వీపును ఆనుకొని పైకి తిరిగి ఉంటాయి. నాచుమీద, తామరాకుమీద ఈడ్చినా దేనికీ తగులుకొనదు. చేప నోట పట్టి నొక్కినప్పుడు డొల్ల అణగి, దాగిన మొనలు బయటపడతాయి.

ఈ రబ్బరు కప్పకు అమెరికాలో గొప్ప వాడుక ఉన్నది. అక్కడ చిన్న చెరువులలో బ్యాస్ అనే చేప ఉన్నది. మన కొరమీనుకు చుట్టం కాదు, గాలి పీల్చదు. అయినా నడవడిలో ఒకే బడిలో చదువుకొన్నట్లుంటుంది. వేసవి పగళ్లలో నీడలో దాగుట, ఉదయ సాయంకాలాలలో ఒడ్డుకు వచ్చుట, ఆకులపైన కదలిన కప్పమీద ఎగబడుట రెండింటికీ సమానమే. ఆ బ్యాస్‌మీద జేమ్స్ హెన్షాల్ అనే వైద్యుడు 1881లోనే ఒక పెద్ద గ్రంథం వ్రాసినాడు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే యువరైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బ్యాస్‌ను పట్టినాడు. అంటే పది కిలోలు దాటినదన్నమాట. తూచిన తరువాత ఇంటికి తీసుకొనిపోయి వండుకొని తిన్నారు. 2009లో జపానులో బివా సరస్సున ఇంచుమించు అదే బరువుగల చేప పడి ఆ రికార్డుతో సమానమైనది. మన గుంతలలో అంతటి ఆశ పెట్టుకొనరాదు. కిలో దాటిన కొరమీను పడితే ఆ పూట ధన్యమైనట్లే.

వేసే తీరు ఇది. గట్టుమీద అడుగులు మెత్తగా వేయవలెను. మన నీడ నీటిమీద పడరాదు. కొరమీను చూపు వాడి, నేల అదురు దానికి ఇట్టే తెలుస్తుంది. సుడి లేచిన చోట నేరుగా వేయక, దానికి మూరెడు అవతల వేసి, ఇవతలకు మెల్లగా లాగవలెను. రెండు జానలు లాగి ఆపవలెను. మళ్లీ లాగవలెను. కప్ప అట్లాగే పోతుంది గనుక. గుంత మరీ చిన్నదైతే విసరుట కూడ వద్దు. దారం కురచగా కట్టి, గడ చాచి, తామరాకుల నడుమ ఖాళీలో ఎర నీటిని తాకీ తాకనట్లు ఆడిస్తే చాలు. చేప వచ్చి పడినప్పుడు బిందె పగిలినంత చప్పుడు అవుతుంది. కొత్తవాడు ఆ చప్పుడుకే ఉలిక్కిపడి గడ లాగివేస్తాడు. ఎర ఒక్కటే వెనుకకు వచ్చి వాని మొహాన పడుతుంది. చప్పుడును లక్ష్యపెట్టరాదు. దారం బిగిసినదా అని చూడవలెను. మనసులో ఒకటి, రెండు అనుకొని, బిగువు చేతికి తెలిసినాక గట్టిగా ఎత్తవలెను. ఎత్తిన తరువాత మాత్రం తడవు చేయరాదు. చేప తల తిప్పి దుబ్బులోకి దూరకముందే దానిని ఖాళీ నీటిలోకి తేవలెను.

వేటకు ముందు అడగవలసిన మాట ఒకటి ఉన్నది. చెరువు నీరు ఊరందరిదే. చేప మాత్రం చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘానిది. బెస్తలు, ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా ఆ చేపమీద బ్రతుకుతున్నవారు. మనకు వినోదమైనది వారికి కూడు. వారి అనుమతి లేక గాలం వేయుట మర్యాద కాదు. అడిగితే కాదనేవారు అరుదు. పైగా ఏ గుంతలో ఏమున్నదో వారికంటె ఎరిగినవారెవరు? నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టుటను 1897 నాటి మత్స్య చట్టమే నేరంగా ఎంచినది. నీరు తగ్గిన వేసవిలోనే ఆ దుర్మార్గానికి అవకాశం హెచ్చు. గట్టున కూర్చున్న గాలంవాడు చెరువుకు ఒక కాపలావాడు కూడ కావచ్చును.

ఇంకొక సంగతి లెక్కకు సంబంధించినది. అమెరికాలో అలబామా రాష్ట్రపు ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతాల నుండి రైతుల చిన్న చెరువులను పరీక్షించి చూచినాడు. పెద్ద చేపలను వేటగాళ్లు విచ్చలవిడిగా తీసివేస్తే, వాటికి ఆహారమైన చిన్న చేపలు మితిమీరి పెరిగి, తిండి చాలక గిడసబారిపోతాయి. చెరువునిండా చేప ఉండి కూడ తినదగిన చేప ఉండదు. ఇది బ్యాస్ చెరువుల ముచ్చటే అయినా, వేటాడే చేప ఉన్న ఏ చిన్న గుంతలోనైనా ఆలోచించదగినది. పైగా మన వేసవి మడుగులో మిగిలిన కొరమీనులే రేపటి వానకు విత్తనం. పెద్ద చెరువులో రెండు తీసుకొంటే లెక్కలోనికి రాదు. గుంతలో నాలుగే ఉన్నప్పుడు రెండు తీసుకొనుట సగం తీసుకొనుటే. ఒక్కటి చాలుననుకొని లేవగలిగినవాడు నా దృష్టిలో మంచి వేటగాడు.

పట్టిన చేపను వేరొక చెరువులో వదలుట మంచిపని అనుకొనేవారున్నారు. అది ఎంత ముప్పో 2002లో మేరీలాండ్ రాష్ట్రపు క్రాఫ్టన్ అనే ఊళ్లో తేలినది. కొరమీను జాతికే చెందిన చీనా దేశపు చేపలను అంగడిలో ప్రాణంతో కొని ఎవరో ఒక గుంతలో వదిలినారు. అవి పిల్లలు పెట్టినవి. అధికారులు ఆ గుంతలో మందు చల్లి చేపలన్నిటినీ చంపవలసి వచ్చినది. ఆ ఏడే ఈ జాతి చేపలను ప్రాణంతో దిగుమతి చేసుకొనుటను అమెరికా నిషేధించినది. అటు చూస్తే జపానులో అమెరికా బ్యాస్ అదే పేరు తెచ్చుకొన్నది. బివా సరస్సున దానిని పట్టినవాడు తిరిగి నీటిలో వదలరాదని 2003 నుండి అక్కడ శాసనం. ఒక చోట మన్నన పొందిన చేప మరొక చోట దొంగ.

జ్యేష్ఠం వచ్చి మృగశిర కార్తె ప్రవేశించగానే తెలంగాణలో చేప తినుట ఆచారం. హైదరాబాదులో ఆ నాడే ఉబ్బసపు రోగులు మందు పెట్టిన కొరమీను పిల్లను ప్రాణంతో మింగుతారు. ఆ మందు గుణదోషాలు వైద్యులు తేల్చవలసినవి. గాలం వేసేవానికి కావలసిన సంగతి వేరు: అందరూ చేపను కోరే ఆ రోజులే కొరమీను సంతానానికి సిద్ధపడే రోజులు. తొలకరి పడి నీరు ఒడ్డెక్కగానే జంట ఒకటి లోతులేని చోట గడ్డిని, నాచును తొలగించి గుండ్రని ఖాళీ చేసుకొంటుంది. గ్రుడ్లు పసుపు పూసల వలె నీటిపైనే తేలుతూ ఉంటాయి. ఒకటి రెండు రోజులలో పిల్లలవుతాయి. తల్లిదండ్రులు కాపలా కాస్తారు. కొద్దిరోజులకు పిల్లలు ఎర్రని ముద్దగా కదలుతూ, ఊపిరికై గుంపుగా పైకి వచ్చినప్పుడు ఆ ఒక్క చోటనే చినుకులు పడుతున్నట్లు నీరు చిటపటలాడుతుంది.

ఆ చిటపట నడుమకు ఎర విసరితే తల్లి ఆకలి లేకున్నా దానిమీద పడుతుంది, పిల్లల దగ్గరకు వచ్చిన శత్రువనుకొని. ఏడాది పొడుగునా ఇంతకంటె సులభంగా కొరమీను పడే సమయం లేదు. అనుభవం లేనివాడు కూడ పట్టగలడు. దానిని గొప్పగా చెప్పుకొనేవారు ప్రతి ఊళ్లోను ఉన్నారు. పెద్ద చేప గట్టుకు వచ్చిన కాసేపటికే పరిగెలు, జెల్లలు, కప్పలు ఆ ఎర్రని ముద్ద చుట్టూ చేరుతాయి. సాయంకాలానికి ముద్ద పలచబడుతుంది. మరునాటికి నీరు నున్నగా ఉంటుంది. గడను ఆ పది పదిహేను వారాలు చూరులో దోపి ఉంచిన ఊళ్లలో, ముద్ద నెలరోజులు చెరువంతా తిరుగుతుంది. పిల్లల ఎరుపు మెల్లమెల్లగా మాసి నలుపెక్కుతుంది. ఒకనాటి ఉదయం అవి గుంపు విడిచి, ఒక్కొక్కటి ఒక్కొక్క తుంగ దుబ్బు మొదట చేరుకొంటుంది.